రేడియోలో చంద్రిక గొంతు

తొమ్మిదో భాగం

పోయినవారం మనం చంద్రికను ధర్మవరం బస్టాండు ఎదుట, రేడియో చిత్రావతి ఆఫీసు మెట్ల మీద వదిలిపెట్టాం. చిత్రావతి ఏటిలో నీళ్లు లేకపోయినా ఆ పేరుతో నడిచే రేడియోకు మాత్రం ఏ ఎండాకాలమూ అడ్డం రాలేదు. నాలుగేళ్లుగా అది నేసేపేటలో చంద్రిక మగ్గం పక్కనున్న గూట్లో పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా మోగుతోంది. చేతులకూ కళ్లకూ తీరికలేని పనిలో చెవులకు మిగిలిన సుఖం అదొక్కటే. అలాంటి రేడియో నుంచి ప్రణీత్ అనే ఆర్జే నెలకిందట ఆమె ఇంటికి వచ్చి, చేనేత దినోత్సవం కార్యక్రమానికని చెప్పి, మగ్గం మీదున్న ఆమెను మాట్లాడించి, రికార్డు చేసుకుని పోయాడు. ఆ మాటలు ఆ కార్యక్రమంలో రాలేదు. మొన్న బుధవారం నుంచి స్వర్ణలేఖ సిల్క్స్ అనే కొత్త దుకాణం ప్రకటనలో వస్తున్నాయి. ఆ దుకాణంలో అమ్మేవి మరమగ్గాల చీరలని ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"ఇది నా చేతిలో పుట్టిన చీరప్పా. పదహైదు దినాలు పట్టింది. దీంట్లో మిషన్ పని యాడా లేదు."

ప్రకటన అంతే. వెనకాల ఆమె మగ్గం చప్పుడు. ఎడమవైపు మేకు వదులై, దెబ్బ వేసినప్పుడల్లా రెండుసార్లు పలికే మగ్గం నేసేపేట మొత్తానికి అదొక్కటే. గొంతు ఎవరిదని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

రోజుకు ఇరవైసార్లు. చంద్రిక తన రేడియో నోరు నొక్కింది. పక్కింట్లో బయమ్మ రేడియో మాట్లాడింది. కొళాయి దగ్గరకు బిందె తీసుకుని నడుస్తుంటే ఒక్కో గడపలోంచీ తన గొంతే బయటికి వచ్చి ఒక్కో అడుగు వెంట నడిచింది. ఎవరో నమిలి ఉమ్మినదాన్ని తెచ్చి తన నోట్లో కుక్కినట్టు అనిపించి ఆమె బిందె నింపకుండానే వెనక్కి వచ్చేసింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

అన్నం సంగతి తర్వాత. అసలు చిక్కు పడుగు దగ్గర వచ్చింది. మగ్గం మీద పాత పడుగు శుక్రవారంతో అయిపోయింది. కొత్త పడుగు ఎక్కించాలంటే పట్టు పోగులను తెల్లవారుజామున వీధి పొడవునా సాచి, ఎనిమిదిమంది నిలబడి పట్టుకుని, పోగు పోగుకూ లెక్క తప్పకుండా చూసుకోవాలి. ఒక ఇంటి పడుగుకు మిగతా ఇళ్లవాళ్లు రావడం నేసేపేటలో తాతలనాటి పద్ధతి. కూలి ఇవ్వరు, పుచ్చుకోరు. ఇవాళ నీ పడుగు, రేపు నా పడుగు. చంద్రిక పడుగు సోమవారం. శుక్రవారం సాయంత్రం వీధి పెద్ద రామదాసు గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పులు కూడా విడవకుండా ఒక మాట చెప్పి పోయాడు.

"సోమారం నీ పడుగుకు ఎవురూ రారమ్మా. మిషన్ చీరను చేతిచీర అని నువ్వే చెప్పినావు. ఎవురో చెప్తే నమ్మేవాణ్ని కాదు. నా చెవులతో విన్నా."

"మామా, నేను చెప్పింది నా మగ్గం మిందుండే చీరను గురించి."

"ఆ సంగతి రేడియోలోనే చెప్పించు. ఆదివారం పొద్దు మునిగేలోపల చెప్పిస్తే అందరం వస్తాం. నేనే ముందు వచ్చి నిలబడ్తా."

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ ఆమె భర్త దేవేంద్ర అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. రామదాసు వెళ్లాక, "రాకుంటే రాకపోనీలే," అని మాత్రం అన్నాడు. అదీ ఇప్పటిదాకా కథ. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు చంద్రిక మెట్లెక్కింది.

ఎక్కుతూ ఆమె ఊహించుకున్నది వేరు. నాలుగేళ్లు రోజంతా చెవిలో మోగిన చోటు ఎంతో పెద్దదిగా, చల్లగా, శుభ్రంగా ఉంటుందనుకుంది. తీరా చూస్తే మూడు గదులు. గోడల నిండా మేకులు కొట్టి బిగించిన కోడిగుడ్ల అట్టలు. మల్లెపూల సెంటు చల్లారు గాని, దాని అడుగున నిన్నటి బిర్యానీ వాసన అలాగే ఉంది. మూలన పెట్టిన చెత్తబుట్ట పొంగి, ఎముక ఒకటి నేలమీద పడి ఉంది. గుమ్మం దగ్గరి మనిషి లోపల సెల్‌ఫోన్లు పనికిరావని చెప్పి ఆమె ఫోను ఆపించి ట్రేలో పెట్టించుకున్నాడు. ఇక్కడినుంచేనా ఆ తేనెలూరే పలకరింపులన్నీ వచ్చేవి అని చంద్రిక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

మేనేజరు కుర్చీలో రాఘవేంద్ర ఉన్నాడు. గుత్తి దగ్గర వాళ్లకు రెండొందల ఎకరాల శనక్కాయ చేను, అన్నకు పార్టీలో పదవి, బావమరిదికి ఊరి బయట మరమగ్గాల షెడ్డు. స్వర్ణలేఖ సిల్క్స్ కూడా ఆ బావమరిదిదే. వెనక గోడమీద అన్న ఫ్లెక్సీ నవ్వుతుంటే, ముందు కుర్చీలో తమ్ముడు నవ్వుతున్నాడు. రెండు నవ్వులూ ఒక్క అచ్చులో పోసినవే.

"రా పాపా, కూచో. నువ్వు మా రేడియోకు పాత మనిషివి గద."

"కూచోనులే అన్నా. ఆ ప్రకటన ఆపండి. ఆపి, ఆ మాటలు నాకు తెలీకుండా ఏసినామని మీ రేడియోలోనే చెప్పండి. రేపు సాయంత్రం లోపల చెప్పల్ల."

"ఆపుతాంలే. నెల దినాలకు ఒప్పుకున్నాము. నెల అయితానే అదే ఆగిపోతాది."

"సోమారం నా పడుగు ఉండాదన్నా."

"పడుగుకూ రేడియోకూ ఏం సంబంధం పాపా?"

చంద్రిక ఓపిగ్గా చెప్పింది. ఎనిమిదిమంది ఎందుకు కావాలో, వాళ్లు రాకపోతే మగ్గం ఎలా ఖాళీగా పడి ఉంటుందో, ఒకసారి వీధి దూరం పెట్టిన ఇంటికి మళ్లీ పని ఇవ్వడానికి షావుకార్లు ఎలా వెనకాడతారో, అన్నీ. అతను ఫోనులో బొమ్మలు పైకి తోస్తూ ఊ కొట్టాడు. చెప్పడం అయిపోయాక తలెత్తి, "ఈ కాలంలో గూడ వీధిలో దారాలు పరుస్తాండారా?" అన్నాడు జాలిగా. "ఒగసారి మా బామ్మర్ది షెడ్డుకు రా. మీట నొక్కితే చాలు, నువ్వు కాఫీ తాగి వచ్చేలోపల మూర గుడ్డ దిగుతాది."

ఆ జాలి చూసి ఆమెకు దానికన్నా తిట్టి ఉంటే నయమనిపించింది.

అతను బల్ల కిందినుంచి ఒక అట్టపెట్టె తీసి, రెండు తమలపాకులు పైన పెట్టి, ఆడపడుచుకు సారె ఇస్తున్నట్టు ముందుకు జరిపాడు. లోపల చిలకపచ్చ ఒడలు, ఎర్రంచు. చంద్రిక కావాలని ముట్టుకోలేదు. చేతులే అలవాటుగా పోయాయి. చీరను తిరగేసి, అంచూ ఒడలూ కలిసేచోట వేలు పెట్టి వెతికింది. కుట్టు లేదు. మగ్గానికి ఇటొకరు అటొకరు కూర్చుని, పేక దారం మోసే నాడెను ఒకరిది ఒకరు అందుకుంటే తప్ప పడని కుట్టు అది. ఆమె అత్త రామాంజినమ్మ డెబ్బైరెండేళ్ల వయసులో ఇప్పటికీ కుడివైపు కూర్చుని ఆ నాడె వేస్తుంది. ఈ చీరలో మనిషి పక్కన మనిషి కూర్చున్న గుర్తే లేదు. అంచు నున్నగా జారింది. జారిన వేళ్లకు ఏదో మైనంలాంటి జిడ్డు అంటింది.

"అన్నా, దీన్ని మీ ఇంట్లో ఆడోళ్లకు పెడ్తావా?"

రాఘవేంద్ర మనస్ఫూర్తిగా నవ్వాడు. ఆ నవ్వులో దొంగతనం లేదు, సిగ్గూ లేదు. "మా ఇంట్లోవాళ్లకా? అబ్బే, వాళ్లు ముట్టుకోరు. వాళ్లకు చేత్తో నేసిందే కావల్ల."

చంద్రిక వేళ్లు చీరకొంగుకు తుడుచుకుంది. జిడ్డు పోలేదు. మళ్లీ తుడుచుకుంది.

"నేను ఒప్పుకోకుండా నా గొంతు అమ్ముకున్నారు మీరు," అంది.

ఆ మాటకు మాత్రం అతని మొహంలో నవ్వు తగ్గింది. "నోరు జాగ్రత్త పాపా. ఒప్పుకోకుండా ఎవురూ ఏదీ ఎయ్యలేదు. సంతకం పెట్టిన కాయితం ఉండాది. నువ్వు నీ అంతట నువ్వు నవ్వుతా మాట్లాడినేది మొత్తం రికార్డు ఉండాది." లోపలి గదివైపు కేకేశాడు. "ప్రణీతూ, ఈ యమ్మకు ఆ పొద్దు రికార్డింగు పూర్తిగా వినిపీ. ఎవురు బలవంతం చేసినారో ఆమెనే చెప్తాది." ఇంతలో అతని ఫోను మోగింది. పార్టీవాళ్లెవరో. అతను వరండాలోకి పోయి వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

ఇక్కడ రాఘవేంద్ర చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. రేడియో నడిపేవాడే గాని అతను రేడియో వినే మనిషి కాడు. వినే మనుషులు ఎలా వింటారో అతనికి తెలియదు. ఆ రికార్డింగు కూడా పూర్తిగా విని ఎరగడు.

చంద్రిక గాజు తలుపు తోసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. ప్రణీత్‌ను ఇంత దగ్గర్నుంచి ఆమె చూడటం ఇది రెండోసారి. గాలిలో పలికేటప్పుడు అతను ఏ పట్నంలోనో పుట్టినవాడిలా 'హాయ్ అండీ, వచ్చేశానండీ' అంటాడు. మైకు ఆపితే పక్కూరు కొత్తచెరువు కుర్రాడు. నాలుగేళ్లుగా రోజూ పది గంటలకు 'మగ్గం ముచ్చట్లు'లో ఆ గొంతు, పాటలకు ఫోను చేసే ఇల్లని పేరు గుర్తుపెట్టుకుని 'చంద్రికక్కా, భోంచేశారా' అని అడిగితే, ఈమె మగ్గం మీదే తల ఊపి జవాబు చెప్పేది. ఇప్పుడు ఆ మనిషి ఆమె కళ్లలోకి చూడలేక కంప్యూటరులోకి చూస్తున్నాడు.

"అక్కా, ఇనేదానికి ఏముండాది అందులో. ఇంటికి పోరాదూ."

"పెట్టప్పా."

పెట్టాడు. గదినిండా ఆమె మగ్గం మోగింది. రెండుసార్లు పలికే ఆ దెబ్బ, నాడె జారే సర్రు, మధ్యలో ప్రణీత్ ప్రశ్నలు, తన జవాబులు. ఆరోజు మగ్గం మీదున్న నెమలిపింఛం రంగు చీర గురించి తను చెప్పిన మాటలు మొదలూ చివరా తెగకుండా వినబడ్డాయి. కోసి అతికించినవాళ్ల పనితనం ఏపాటిదో ఆమెకు అప్పుడు తెలిసింది. 'కాఫీ తెస్తా ఉండు నాయనా,' అని తన గొంతు. మగ్గం ఆగింది. ప్రణీత్ చెయ్యి చప్పున మీటవైపు పోయింది.

"ఆపొద్దు," అంది చంద్రిక.

"అంతేనక్కా, అయిపోయినాది."

"నేను లేచిపోయినా. నీ మైకు ఆడనే ఉండాది గద. ఆపొద్దు."

అతని చెయ్యి గాల్లో ఆగింది. రికార్డింగులో కోడి ఒకటి అరిచింది. తర్వాత అరుగు మీది చెప్పుల చప్పుడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడిచే ఆ చప్పుడు విన్నాక గొంతు వినాల్సిన అవసరం ఆమెకు లేదు. అయినా విన్నది.

"రాఘవేంద్రన్నకు చెప్పు, నాకు ఒప్పుదలేనని. ఆమె మాటలు యాడ కావాలంటే ఆడ ఏసుకోండి. సంతకం నేను పెడ్తా. ఆమెకు మాత్రం ఇప్పుడు తెలీకూడదు." దేవేంద్ర. పక్కింటివాళ్లకు వినబడకుండా మాట్లాడేటప్పటి గొంతు.

"వీధిలో గలాటా అయితాదేమోన్నా," అంటున్నాడు ప్రణీత్.

"కానీలే. కావాల్సింది అదే. ఈ పడుగు నెలలో అయిపోతాది. వీధోళ్లు కోపం చేసుకోని ఇంకో పడుగుకు రాకుంటే మగ్గం దానంతట అదే ఆగిపోతాది. నేను ఆపమంటే ఆపే మనిషి కాదు. మా యమ్మ అసలే ఆపనీదు. ఇరవై ఏండ్లు ఆ గుంతలో కాళ్లు పెట్టుకోని కూచోని నా మోకాళ్లు పోయినాయప్పా. మట్టికి గూడ చెప్పిపెట్టినా. మగ్గం గుంత పూడ్చేస్తే రాఘవేంద్రన్న రెండు మిషన్ మగ్గాలు దించుతానన్నాడు."

గిన్నెల చప్పుడు. గాజులు. "చక్కెర చాలిందో లేదో చూడప్పా," అని తన గొంతు, ఉషారుగా. వెంటనే దేవేంద్ర, ఎంతో మురిపెంగా, "మా ఇంటామె కాఫీ తాగినోడు ఇంగో ఇంట్లో తాగడు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ముగ్గురిలో తానూ నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది తానే.

రికార్డింగు అయిపోయింది. చంద్రికకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా రోత పుట్టింది. భర్త మీద, ఈ గుడ్ల అట్టల గది మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ నవ్వు మీద. శుక్రవారం సాయంత్రం 'రాకుంటే రాకపోనీలే' అన్న మాటకు అర్థం ఇప్పుడు తెలిసింది. ఆ మనిషి మోకాలికి రోజూ రాత్రి కాపడం పెట్టినవి ఈ చేతులే. ఇంక ఈ మగ్గం వద్దని నోరు తెరిచి ఒక్కసారి చెప్పి ఉంటే తానే ఏదో ఒక దారి వెతికేది. చెప్పలేదు. వీధి చేత ఉమ్మించి, ఆ ఉమ్ములో తన పని ముంచేయాలనుకున్నాడు.

"నీకు ముందే తెలుసు," అంది ప్రణీత్‌తో.

"తెలుసక్కా."

"తెలిసీ రోజూ పొద్దున భోంచేసినావా అని అడిగినావు."

అతను తలెత్తి టైము చూశాడు. గోడ గడియారం పదికి రెండు నిమిషాలు చూపిస్తోంది. అతను ఇయర్‌ఫోన్లు తగిలించుకుని గొంతు సవరించుకున్నాడు.

"నాకు ఆ మైకు ఒక్క నిమిషం ఇయ్యి."

"నా ఉద్యోగం పోతాదక్కా."

"వీధి నన్ను వెలేస్తాండాది. నువ్వు ఉద్యోగం అంటాండావు."

ఆమె అడగడం వరకే గాని, ఇస్తే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. నిజం చెబితే దేవేంద్ర పేరు చెప్పాలి. ఆ పేరు బయటికి వస్తే ఆమె తప్పు తుడుచుకుపోతుంది గాని, ఆ ఇంటి మగవాడు ఇక నేసేపేటలో తలెత్తుకు తిరగలేడు. చెప్పకపోతే సోమవారం పడుగు లేదు. గాజు తలుపు అవతల రాఘవేంద్ర ఇంకా వీపు తిప్పుకునే మాట్లాడుతున్నాడు. ఎర్రదీపం వెలిగింది. కొత్తచెరువు కుర్రాడు ఒక్క క్షణంలో మాయమయ్యాడు.

"హాయ్ హలో నమస్తే ధర్మవరం. మగ్గం ముచ్చట్లకు వచ్చేశానండీ. మొదటి కాలర్ అప్పుడే లైన్లో ఉన్నారు. ఎవరండీ మాట్లాడేది, ఏ పాట వేయమంటారు?"

"పాట వద్దు నాయనా. నేను రామాంజినమ్మను, నేసేపేట నుంచి."

బల్లమీది స్పీకరులోంచి వచ్చిన ఆ గొంతుకు చంద్రిక ఉలిక్కిపడింది. అత్తకు ఆ నంబరు కంఠతా వచ్చు. నాలుగేళ్లుగా పాటలడిగిన నంబరు.

"మా కోడలు మీ కాడికే వచ్చినాది. దాని ఫోను పలకడం లేదు. దాన్ని పిలువప్పా. ఇంటికాడ ట్రాక్టరు మట్టి దింపినారు."

ప్రణీత్ వేలు కాల్ తెంచే మీట మీదికి పోయింది. వరండాలో రాఘవేంద్ర ఇటు తిరిగాడు. చంద్రిక ప్రణీత్ మణికట్టు పట్టుకుంది. పట్టు పోగులు తెగకుండా పట్టుకునే చెయ్యి, కొయ్యలా బిగుసుకుంది. అతను ఆమె మొహంలోకి ఆ రోజు మొదటిసారి చూశాడు. చూసి, రెండో చేత్తో మైకును ఆమెవైపు తిప్పాడు.

"అత్తా, నేనే. చెప్పు."

"నువ్వు అట్ల పోతానే మట్టి వచ్చినాది చంద్రికా. దేవేంద్ర తట్ట పట్టుకోని నిలబడినాడు. మగ్గం గుంత పూడుస్తాడంట. నేను పోయి గుంతలో కాళ్లు పెట్టుకోని కూచున్నా. లెయ్యమంటాండాడు. లెయ్యను. నా మొగుడు తవ్విన గుంత ఇది."

"అత్తా, ఆయనకు ఫోనియ్యి."

"వాడు ఇంటాండాడులే. గూట్లో రేడియో పెట్టినా. నీ గొంతు వాడికి బాగా ఇనబడ్తాండాది."

గాజు తలుపు దడదడా మోగింది. రాఘవేంద్ర అవతలినుంచి ఏదో అరుస్తున్నాడు. లోపలికి వినబడటం లేదు. ప్రణీత్ లేచి గడియ పెట్టాడు.

"దేవేంద్రా," అంది చంద్రిక. పెళ్లయిన ఇరవై ఏళ్లలో భర్తను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అదీ ఊరంతా వింటుండగా. "తట్ట కింద పెట్టు. నువ్వు మాట్లాడింది మొత్తం ఇప్పుడే విన్నా."

జవాబుగా ఫోనులోంచి మెత్తగా, బరువుగా ఏదో కుమ్మరించిన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే ముసలామె దగ్గు. ఒకటి, రెండు. మూడో దగ్గు వినబడలేదు. నేసేపేటలో రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ అదే వినబడింది, ఒక్కో మగ్గమే ఆగిపోయింది.